ఏ దారిన? మోటారుసైకిలు యాత్రలకు దారి గీసుకున్న చరిత్ర

మోటారుసైకిలు మీద దూరయాత్రకు బయలుదేరే మనిషికీ, అతని బండి హ్యాండిల్‌కు బిగించిన జీపీఎస్ పరికరానికీ మధ్య మొదటినుంచీ ఒక పేచీ ఉంది. ఒక ఊరి నుంచి మరో ఊరికి ఎంత త్వరగా చేర్చవచ్చో పరికరం లెక్క కడుతుంది. ఏ దారిన వెళ్తే కొండ కనుమలు, నదీతీరాలు, వరుస మలుపులు దొరుకుతాయో యాత్రికుడు చూసుకుంటాడు. ఈ రెండింటికీ ఒకే దారి జవాబు కావడం అరుదు కనుక, ప్రయాణానికి ముందే ఇంటి దగ్గర కూర్చుని పటం మీద బిందువులు పెట్టుకుంటూ తనకు కావలసిన దారిని గీసుకుని, దాన్ని ఒక ఫైలుగా పరికరంలోకి ఎక్కించే పని పుట్టింది. దీన్నే రైడర్లు రూట్ ప్లానింగ్ అంటారు. ఈ పని చరిత్రను పరికరాల చరిత్రగా చెప్పడం వాడుకలో ఉంది గాని, దారిని ఎంచుకునే అధికారం మనిషి దగ్గర ఎంతవరకు నిలిచింది, యంత్రానికి ఎంతవరకు పోయింది అన్న కోణం నుంచి చూసినప్పుడే అందులోని మలుపులు సరిగా అర్థమవుతాయి.

దారిని కాగితం మీద చూపే పద్ధతులు ప్రాచీనకాలం నుంచి రెండు. మొదటిది పటం: అది ఒక ప్రాంతంలోని దారులన్నింటినీ చూపి, ఎంపికను చదివేవాడికే వదిలేస్తుంది. రెండోది పట్టీ: అది ఒక్క దారినే తీసుకుని, ఆ దారిలో వరుసగా వచ్చే ఊళ్లను, వాటి మధ్య దూరాలను చెబుతుంది. రోమన్ సామ్రాజ్యంలో ఇటువంటి దారిపట్టీలు ఉండేవి. ఇంగ్లండులో జాన్ ఓగిల్బీ 1675లో ప్రచురించిన బ్రిటానియా అనే గ్రంథం ఈ పద్ధతికి గొప్ప నమూనా. ఆయన మనుషులు కొలచక్రాన్ని దొర్లించుకుంటూ రోడ్లను కొలవగా, అంగుళానికి ఒక మైలు చొప్పున 100 ఫలకాల మీద ఆ రోడ్లు కాగితపు చుట్టల్లాగా అచ్చయ్యాయి. ప్రతి చుట్టనూ కింది నుంచి పైకి చదవాలి. దారి ఎటు తిరిగినా చుట్టలో మాత్రం అది నిలువుగా పైకే పోతుంది కనుక, ఉత్తరం ఎటుందో తెలపడానికి ఒక్కొక్క పట్టీకి విడిగా దిక్సూచి బొమ్మ వేయవలసి వచ్చింది. ప్రయాణదిశ ఎప్పుడూ తెర పైభాగానికే ఉండేలా నేటి పరికరం పటాన్ని తిప్పి చూపడం ఆ ఏర్పాటుకు నేరు వారసత్వం.

తెలుగువారికి ఈ పట్టీ పద్ధతి కొత్తది కాదు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారి పొడుగునా ఆయన రాసి పంపిన సంగతులు 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. ఒక మజిలీకీ మరో మజిలీకీ మధ్య దూరమెంత, దారి రాతినేలా ఇసుకనేలా, బస చేయడానికి తావుందా, నీళ్లూ సరుకులూ దొరుకుతాయా అన్న వివరాలు అందులో ఓపికగా నమోదయ్యాయి. ఆయన చెన్నపట్నం నుంచి హైదరాబాదు మీదుగా నాగపూరు చేరే దగ్గరి దారి పట్టలేదు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం తాకుతూ పోయాడు. అంటే మధ్యలో తాను ఎంచుకున్న మజిలీలతో దారి ఆకారాన్నే మార్చుకున్నాడు. నేటి రైడరు కంప్యూటర్ తెర మీద చేసే పనిలో సారం ఇదే.

పంతొమ్మిదో శతాబ్దం చివర సైకిలు వచ్చాక యూరపులో దారి గురించిన జ్ఞానం మరో స్థాయికి చేరింది. బ్రిటన్‌లో 1878లో ఏర్పడిన సైకిలు యాత్రికుల సంఘం ప్రమాదకరమైన వాలుల దగ్గర హెచ్చరిక పలకలు పాతించింది. ఎక్కడ ఎంత ఎత్తు ఎక్కాలో, ఎక్కడ దిగాలో పక్కనుంచి చూసినట్టు గీతగా చూపే కాంటూర్ రోడ్ పుస్తకాలు వెలువడ్డాయి. తొలి మోటారుసైకిళ్లకు ఈ పుస్తకాలు మరీ పనికివచ్చాయి. ఆనాటి బండ్లలో చాలావాటికి గేర్లు మార్చుకునే వీలు లేదు. ఇంజను నుంచి చక్రానికి తోలు బెల్టు ఒకటే ఆధారం. నిట్టనిలువు ఎక్కుడు వస్తే బెల్టు జారేది, రైడరు పెడళ్లు తొక్కడమో దిగి నెట్టడమో చేయవలసి వచ్చేది. అందుచేత దారి ఎంపికలో దూరం కన్నా వాలు ముఖ్యమైంది. ఆ బలహీనత వల్లనే మోటారుసైకిలు యాత్రికుడు పటాన్ని కారు యాత్రికుడి కన్నా నిశితంగా చదవడం నేర్చుకున్నాడని చెప్పవచ్చు.

ఫ్రాన్సులో మిషలిన్ టైర్ల సంస్థ 1910 నుంచి సెంటీమీటరుకు 2 కిలోమీటర్ల చొప్పున దేశమంతటికీ రోడ్డు పటాలు వేయడం మొదలుపెట్టింది. ఆ పటాల్లో రెండు గుర్తులు ఈ చరిత్రకు ముఖ్యం. వాలు ఎంత తీవ్రమో తెలిపే బాణపు మొనలు ఒకటి. చూడదగిన దృశ్యాలున్న రోడ్డు పొడుగునా అంచున గీసే ఆకుపచ్చ గీత రెండోది. ఆకుపచ్చ గీత దూరాన్నీ కాలాన్నీ కొలిచి గీసింది కాదు, ఆ రోడ్డు చూడదగినదన్న మనిషి తీర్పును అచ్చులో పెట్టిన గీత. ట్యాంకు మీద పెట్టుకునే సంచి పైభాగంలో పారదర్శకమైన కవరు కింద మడిచి ఉంచిన ఇటువంటి పటం, దాని మీద రంగు పెన్నుతో దిద్దిన గీత, ఇవే ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా యూరపు రైడరు నావిగేషన్. వాన పడితే కవరులోకి చెమ్మ దిగేది, పటం మడత దాటినప్పుడల్లా బండి ఆపి తిప్పుకోవాలి. అయినా ఆ గీత పూర్తిగా రైడరు గీసుకున్నదే.

పట్టీని యంత్రంగా మార్చే ప్రయత్నాలూ ఈ కాలంలోనే మొదలయ్యాయి. అమెరికాలో 1909లో వచ్చిన జోన్స్ లైవ్ మ్యాప్ అనే పరికరంలో, ఒక్కొక్క దారికి ఒక్కొక్క గుండ్రటి కాగితపు బిళ్ల ఉండేది. బండి చక్రానికి తీగతో కలిపి ఉన్నందున చక్రం తిరిగినకొద్దీ బిళ్ల కూడా తిరిగి, ఏ మైలు దగ్గర ఎటు మళ్లాలో అంచున చూపేది. అయితే బండి దారి తప్పినా బిళ్లకు తెలియదు. చక్రం తిరుగుతున్నంతసేపూ అది తన లెక్క తాను చెప్పుకుపోతుంది. ముందే నిర్ణయించిన దారికీ, బండి నిజంగా ఉన్న చోటుకూ పొత్తు కుదరనప్పుడు పరికరం ఏం చేయాలన్న ప్రశ్న మొదట ఇక్కడే తలెత్తింది. నూరేళ్లకు పైగా గడిచినా ఆ ప్రశ్నకు అందరినీ మెప్పించే జవాబు ఇంకా దొరకలేదు.

మోటారుసైకిలు పోటీల్లో వాడే చుట్టపెట్టె ఇంతకన్నా సరళమైనది. రెండు కడ్డీల మధ్య పొడుగాటి కాగితపు చుట్టను బిగించి, చిన్న పెట్టెగా హ్యాండిల్ మీద పెడతారు. బొటనవేలితో కడ్డీ తిప్పితే దారి వరుస కదులుతుంది. డచ్చి దేశపు ట్యూలిప్ ర్యాలీ పేరు మీదుగా ట్యూలిప్ బొమ్మలని వ్యవహరించే గుర్తులు ఈ చుట్టల్లో భాషగా స్థిరపడ్డాయి. కింద ఉన్న నల్లచుక్క రైడరు వచ్చే వైపు, బాణం మొన వెళ్లవలసిన వైపు. మిగిలిన గీతలు వదిలేయవలసిన దారులు. 1977లో ఒక ర్యాలీలో మోటారుసైకిలు నడుపుతూ లిబియా ఎడారిలో దారి తప్పి చావు అంచుదాకా వెళ్లివచ్చిన ఫ్రెంచి రైడరు తియెరీ సబీన్, ఆ ఎడారి ఆకర్షణలోనే పారిస్–డాకర్ ర్యాలీని రూపొందించగా, మొదటి పోటీ 1978 డిసెంబరు 26న పారిస్‌లో బయలుదేరింది. 1992లో ఆ ర్యాలీలోకి జీపీఎస్ ప్రవేశించింది. కాని దారి కనుక్కోవడం కూడా పోటీలో భాగమేనని నిర్వాహకులు పట్టుబట్టి, రోడ్‌బుక్ అనే ఈ దారిచుట్టను వదల్లేదు.

ఇక ఉపగ్రహాల సంగతి. అమెరికా రక్షణశాఖ జీపీఎస్‌కు ఆధారమైన నావ్‌స్టార్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహాన్ని 1978 ఫిబ్రవరిలో ప్రయోగించింది. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఈ ఉపగ్రహాల్లో ఒక్కొక్కటి తన అణుగడియారపు కాలాన్ని ప్రసారం చేస్తుంది; ఆ సంకేతం చేరడానికి పట్టిన కాలాన్నిబట్టి పరికరం దూరాన్ని గణించి, కనీసం నాలుగు ఉపగ్రహాల దూరాలతో తానున్న చోటును తేల్చుకుంటుంది. సంకేతం ఒక్క మైక్రోసెకనులో 300 మీటర్లు పోతుంది కనుక గడియారంలో అణుమాత్రం తేడా వచ్చినా స్థానం మారిపోతుంది. 1983 సెప్టెంబరు 1న దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లిన కొరియా విమానాన్ని కూల్చివేయడంతో 269 మంది మరణించాక, ఈ వ్యవస్థను పౌరులకూ అందుబాటులో ఉంచుతామని అమెరికా ప్రకటించింది. అయినా పౌరులకిచ్చే సంకేతాన్ని కావాలనే కొంత చెడగొట్టి పంపేవారు; దానివల్ల చూపిన చోటు 100 మీటర్ల దాకా తప్పేది. కొండదారిలో ఒకదాని మీద ఒకటిగా పేర్చినట్టుండే మలుపుల మధ్య అంత ఎడం కూడా ఉండదు కనుక, బండి ఏ మెట్టు మీద ఉందో పరికరం చెప్పలేకపోయేది. 2000 మేలో ఈ చెడగొట్టడాన్ని ఆపివేశారు. మోటారుసైకిలు యాత్రకు జీపీఎస్ నిజంగా పనికివచ్చిన కాలం అప్పటినుంచే మొదలైందనాలి.

ఎక్కడున్నామో తెలియడం వేరు, ఎటు వెళ్లాలో చెప్పడం వేరు. రెండోదానికి మూలమైన గణితం ఉపగ్రహాల కన్నా పాతది. డచ్చి శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాఫీ హోటలులో కూర్చుని, కాగితం కలం లేకుండా ఇరవై నిమిషాల్లో రెండు ఊళ్ల మధ్య అతి తక్కువ దూరపు దారిని కనుక్కునే పద్ధతిని ఊహించి, 1959లో ప్రచురించాడు. ఆ పద్ధతిలో రోడ్డు ముక్క ఒక్కొక్కదానికి ఒక ఖరీదు ఉంటుంది. దాన్ని దూరంగా లెక్కిస్తే దగ్గరి దారి, కాలంగా లెక్కిస్తే వేగపు దారి వస్తుంది. 1984–85 ప్రాంతంలో పుట్టిన టెలీ అట్లాస్, నావ్‌టెక్ వంటి సంస్థలు రోడ్లన్నింటినీ తిరిగి డిజిటల్ పటాలు చేసినప్పుడు, రోడ్లను రాకపోకల్లో వాటి ప్రాధాన్యాన్నిబట్టి తరగతులుగా విభజించాయి; నావ్‌టెక్ పటాల్లో ఈ తరగతులు అయిదు. మొదటి తరగతి జాతీయ రహదారి, అయిదోది ఊరిలోపలి వీధి. సరుకు లారీకీ ఆంబులెన్సుకూ ఇది ఎంతో మేలైన ఏర్పాటే. మోటారుసైకిలు యాత్రికుడు వెతుక్కునే రోడ్లు మాత్రం చాలావరకు మూడు, నాలుగు తరగతుల్లోకి పోయి, యంత్రం దృష్టిలో ఖరీదైనవిగా మారాయి. మిషలిన్ ఆకుపచ్చ గీతకు సమానమైన అంకె ఈ లెక్కలో ఎక్కడా లేదు. పేచీకి మూలం పరికరంలోని లోపం కాదు, దానికి అప్పగించిన ప్రశ్న.

ఈ లోటును రైడర్లు తమ చేత్తో పూడ్చుకున్న తీరే రూట్ ప్లానింగ్ చరిత్రలో ముఖ్యమైన అధ్యాయం. గార్మిన్ సంస్థ 1998లో కార్లకోసం స్ట్రీట్‌పైలట్ పరికరాన్ని తెచ్చినప్పుడు రైడర్లు దాన్ని తమ హ్యాండిల్‌కు బిగించుకున్నారు. వానకు తడవని, చేతితొడుగు తీయకుండా నొక్కగలిగే, పెట్రోలు చుక్క పడినా చెడని, హెల్మెట్‌లోని ఇయర్‌ఫోన్‌కు మాట పంపే ప్రత్యేక పరికరాలు 2000ల మధ్యకాలంలో టామ్‌టామ్ రైడర్, గార్మిన్ జూమో పేర్లతో వచ్చాయి. వీటితోపాటు ఇంట్లో కంప్యూటర్‌లో దారి గీసే సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చాయి. గార్మిన్ మ్యాప్‌సోర్స్, దాని తరువాతి బేస్‌క్యాంప్, టామ్‌టామ్ వాడేవారిలో ప్రచారం పొందిన టైర్ అటువంటివి.

గీసిన దారిని ఒకచోటి నుంచి మరోచోటికి మోయడానికి ఉమ్మడి రూపం కావలసి, 2002లో జీపీఎక్స్ అనే ఫైలు పద్ధతి వెలువడింది. 2004లో వచ్చిన దాని 1.1 రూపమే నేటికీ వాడుకలో ఉంది. అందులో మూడు రకాల సమాచారం ఉంటుంది. మొదటిది వేపాయింట్, అంటే పేరు పెట్టుకుని దాచుకున్న ఒక చోటు. రెండోది రూట్, అంటే ఇకముందు వెళ్లదలచిన చోట్ల వరుస. ఈ చోట్ల మధ్య ఏ రోడ్డు పట్టాలో పరికరం తానే లెక్క వేసుకుంటుంది. మూడోది ట్రాక్, అంటే వెళ్లివచ్చిన దారి అడుగుజాడ. కొన్ని మీటర్లకొకటి చొప్పున వేలాది బిందువులుండటం వల్ల ఇందులో లెక్కకు తావే లేదు. రూట్ సంకల్పం, ట్రాక్ సాక్ష్యం. ఈ రెండింటి తేడా తెలియకపోవడమే కొత్తవారిని ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది: ఒకరు గీసి పంపిన రూట్‌ను మరొకరు తమ పరికరంలో తెరిచినప్పుడు, పటం వేరైనా, పాతదైనా, టోల్ రోడ్లు వద్దన్న ఏర్పాటు ఉన్నా, బిందువులు అవే ఉండి దారి మాత్రం మారిపోతుంది.

పాత టామ్‌టామ్ పరికరాల దారిఫైలు ఇంకా సాదాగా ఉండేది. ఒక బిందువుకు ఒక వరుస. అందులో మొదట రేఖాంశాన్ని లక్షతో గుణించిన పూర్ణాంకం, తరువాత అదేవిధంగా అక్షాంశం, ఆపైన పేరు, చివర ఒక అంకె. 8.56 డిగ్రీల తూర్పు రేఖాంశమైతే 856000 అని రాస్తారు. చివరి అంకె ఆ బిందువు బయలుదేరే చోటా, ఆగే చోటా, కేవలం దాటిపోయే చోటా అన్నది చెబుతుంది. ఒక ఫైలులో 48 బిందువులకు మించి పట్టేవి కావు. రోజుకు 300 కిలోమీటర్ల కొండదారిని 48 బిందువుల్లో ఇమడ్చవలసి రావడంతో, ఎక్కడ పెడితే ఒక్క బిందువే పది కిలోమీటర్ల దారిని పట్టి ఉంచుతుందో రైడర్లు సాధనతో తెలుసుకున్నారు. ఆ పరిమితి ఒక పొదుపును, ఆ పొదుపు ఒక నైపుణ్యాన్ని నేర్పింది.

ఆ నైపుణ్యం ఎటువంటిదో స్విట్జర్లాండులోని గోటార్డ్ కనుమ దగ్గర స్పష్టంగా చూడవచ్చు. ఆల్ప్స్ పర్వతాల్లో ఉత్తరాన ఉన్న గోషెనెన్ నుంచి దక్షిణాన ఉన్న ఐరోలోకు ఇక్కడ మూడు తరాల రోడ్లున్నాయి. 1980 సెప్టెంబరు 5న తెరిచిన 16.9 కిలోమీటర్ల సొరంగం ఒకటి. దాదాపు 2,100 మీటర్ల ఎత్తున కనుమ దాటి, దక్షిణపు వాలులో వంతెనల మీదుగా, పైకప్పున్న మార్గాల గుండా దిగే ఇరవయ్యో శతాబ్దపు రోడ్డు రెండోది. గుర్రపుబండ్ల కాలంలో, 1830 ప్రాంతంలో కట్టిన ట్రెమోలా మూడోది: నల్లరాతి దిమ్మలు పరిచి, 24 హెయిర్‌పిన్ మలుపులతో లోయలోకి జారే ఈ పాతరోడ్డు కోసమే రైడర్లు దూరదేశాల నుంచి వస్తారు. ఇప్పుడు గోషెనెన్ బయలుదేరే చోటుగా, ఐరోలో చేరే చోటుగా పెట్టి వేగపు దారి అడిగితే, గీత తిన్నగా సొరంగంలోకి వెళ్లిపోతుంది. కొండమీది ఆండర్‌మాట్ ఊళ్లో ఒక బిందువు పెట్టినా చాలకపోవచ్చు. పరికరం బండిని ఆ ఊరిదాకా ఎక్కించి, కనుమ దాటడం కన్నా వెనక్కి దిగి సొరంగం పట్టడమే త్వరని తేల్చవచ్చు. కనుమ పైన రెండో బిందువు పెడితే సొరంగం తప్పుతుంది గాని, దిగేటప్పుడు కొత్తరోడ్డే వస్తుంది. ట్రెమోలా నడుమ మూడో బిందువు పెట్టినప్పుడు మాత్రమే దారి కోరిన ఆకారానికి వస్తుంది. అదీ పటాన్ని బాగా పెద్దది చేసి, బిందువు సరిగ్గా రాతిరోడ్డు గీత మీదనే పడిందని చూసుకోవాలి. దూరం నుంచి పెడితే అది పక్కనున్న కొత్తరోడ్డుకు అతుక్కుని, పరికరం రైడరును రెండు రోడ్ల మధ్య తిప్పలు పెడుతుంది. మూడే బిందువులు, వాటిని పెట్టినవాడికి ఆ కొండ తెలిసి ఉండాలి.

బిందువులన్నీ ఒక రకానివి కావన్న సంగతి పరికరాల తయారీదారులకు కొంత ఆలస్యంగా తట్టింది. పాత పరికరాలు ప్రతి బిందువునూ తప్పక చేరవలసిన గమ్యంగానే చూసేవి. రోడ్డు మరమ్మతు వల్ల ఒక బిందువును వదిలి ముందుకు పోతే, ఇరవై కిలోమీటర్లు దాటినా వెనక్కి తిరగమని పోరేవి. ఆ తరువాత వయా పాయింట్, షేపింగ్ పాయింట్ అన్న విభజన వచ్చింది. వయా పాయింట్ అంటే మన మజిలీ; భోజనానికో పెట్రోలుకో అక్కడ ఆగాలి, వచ్చినప్పుడు పరికరం కబురు చెబుతుంది. షేపింగ్ పాయింట్ దారిని మలిచే బిందువు. బండి దాన్ని చప్పుడు లేకుండా దాటిపోతుంది, తప్పితే దారి తరువాతి బిందువు నుంచి మళ్లీ లెక్కకు వస్తుంది. బిందువును కూడలిలో పెట్టకుండా, కూడలి దాటాక తాము కోరిన రోడ్డు మధ్యలో పెట్టాలన్న నియమం అనుభవజ్ఞులైన రైడర్ల మధ్య ఈ కాలంలోనే స్థిరపడింది. కూడలిలో పెట్టిన బిందువు ఏ రోడ్డుకు చెందుతుందో యంత్రానికి తెలియదు.

2010ల నుంచి యంత్రమే మలుపుల దారిని వెతికిపెట్టే పద్ధతులు వచ్చాయి. 2015లో టామ్‌టామ్ తన రైడర్ పరికరంలో మలుపులు, కొండలు ఏ మోతాదులో కావాలో అడిగి దారి వేసే సౌకర్యం ఇచ్చింది. జర్మనీలో పుట్టిన కుర్విగర్, కాలిమోటో వంటి యాప్‌లు ఆ పనికే అంకితమయ్యాయి. 2004లో మొదలై స్వచ్ఛందకారుల చేతులమీదుగా పెరిగిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఇటువంటి యాప్‌లకు ఆధారం. స్థూలంగా చెప్పాలంటే రోడ్డు గీత ఎంత దూరంలో ఎన్ని డిగ్రీలు తిరిగిందో లెక్కించి, ఎక్కువ తిరిగిన రోడ్డుకు ఖరీదు తగ్గిస్తారు. డైక్‌స్ట్రా లెక్క అలాగే ఉండి, ఖరీదుకు అర్థం మాత్రం మారిందన్నమాట. ఇది పెద్ద మేలే. అయినా జ్యామితి చెప్పేది రోడ్డు వంపును మాత్రమే. ఆ వంపు అవతల చెరువుందా చెత్తకుప్ప ఉందా అన్నది గీతలో కనిపించదు. నూరేళ్ల కిందటి ఆకుపచ్చ గీత వెనుక ఆ రోడ్డును చూసి ఇచ్చిన తీర్పు ఉంది కనుక, ఈ విషయంలో దానిదే పైచేయి అని ఒప్పుకోవాలి.

భారతదేశంలో ఈ పనికి అదనంగా మరో చిక్కు ఉండేది, దాని మూలాలు తెలుగునేల మీద కూడా ఉన్నాయి. సర్వే అధికారి విలియం లాంబ్టన్ 1815లో బీదరు దగ్గర ఆధారరేఖ కొలిచి, హైదరాబాదు కేంద్రంగా భూమిని కొలిచే త్రిభుజాల వరుసను ఉత్తరానికి నడిపించాడు. 1818లో ఆయనకు సహాయకుడిగా హైదరాబాదు చేరిన జార్జి ఎవరెస్టు కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరానపడి, కోలుకోవడానికి దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. ఆ కొలతల నుంచి ఎవరెస్టు 1830లో భూమధ్యరేఖ దగ్గర భూమి వ్యాసార్ధాన్ని 6,377,276 మీటర్లుగా తేల్చగా, సర్వే ఆఫ్ ఇండియా పటాలు ఆ లెక్క మీదనే తయారయ్యాయి. జీపీఎస్ వాడే ప్రపంచ ప్రమాణంలో అది 6,378,137 మీటర్లు. రెండు లెక్కలు వేరైనందున, పాత సర్వే పటం మీద చదివిన అక్షాంశ రేఖాంశాలను మార్చకుండా పరికరంలో వేస్తే బిందువు వంద మీటర్లకు మించి పక్కకు జరిగేది. ఘాట్ రోడ్డులో అది కొండకు రెండో వైపు పడటానికి చాలు. దీనికితోడు సరిహద్దు, తీరప్రాంతాల వివరమైన పటాలు సామాన్యులకు అందేవి కావు. 2021 ఫిబ్రవరి 15న కేంద్రప్రభుత్వం కొత్త మార్గదర్శకాలు ప్రకటించి పటాల తయారీ మీద ఆంక్షలను చాలావరకు సడలించింది. శ్రీహరికోట నుంచి 2013 జులై 1న మొదటి ఉపగ్రహంతో ఆరంభమైన స్వదేశీ ఉపగ్రహ నావిగేషన్ వ్యవస్థ నావిక్ కూడా ఈ కాలంలోనే రూపుదిద్దుకుంది.

గోటార్డ్ కథకు మన దేశంలోనూ జంట ఉంది. 2020 అక్టోబరు 3న తెరిచిన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం వల్ల మనాలి నుంచి లేహ్ వెళ్లే దారి 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ కనుమను తప్పించుకుంది. ఏటేటా హైదరాబాదు, విజయవాడ, విశాఖల నుంచి లద్దాఖ్ వెళ్లే రైడర్లకు పరికరం ఇప్పుడు సొరంగాన్నే చూపుతుంది. కనుమ ఎక్కాలనుకునేవారు అనుమతిపత్రం తీసుకుని, పైన ఒక బిందువు తామే పెట్టుకోవాలి.

దారి గీసుకునే తెలుగు రైడర్లకు, వారి బృందాలకు ఒక విన్నపం. యాత్ర ముగిశాక రూట్ ఫైలును, ట్రాక్ ఫైలును రెండింటినీ తేదీతో సహా దాచండి. వాటి పక్కన నాలుగు మాటలు తెలుగులో రాసిపెట్టండి: పెట్రోలు బంకు ఏ ఊళ్లో ఉంది, తరువాతిది ఎంత దూరం, ఘాట్‌లో ఏ మలుపు దగ్గర కంకర తేలింది, ఏ వాగు మీద వానాకాలంలో నీళ్లు పొర్లుతాయి, రాత్రి బసకు తావు ఎక్కడ దొరికింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మజిలీ మజిలీకీ కూర్చుని రాసింది ఈ వివరాలనే. శ్రీశైలం దారిలో ఆనాడు ఏం దొరికిందో ఈనాడు చెప్పగలుగుతున్నది ఆ రాత వల్లనే.